బతికున్నవాడికి పెట్టిన శోకం

బుర్మాకాన్‌ని నమ్మించడం ఆక్-కియా పల్లెలో ఎవరి వల్లా అయ్యేది కాదు. బజారులో టీ పొడి కొంటే పొట్లం విప్పి వాసన చూసి, అది చాలక ఒక పలుకు నోట్లో వేసుకుని నమిలి చూసేది. డాక్టరిచ్చిన మాత్రల పేరు కోడలి చేత చదివించి, పక్కింటివాళ్ళ మాత్రలతో పోల్చి చూసేది. అమ్మేవాడు ఒట్టు పెట్టాడంటే మాత్రం ఆ సరుకు ఇక ముట్టుకునేదే కాదు. "నిజమే అయితే వాడికి ఒట్టుతో ఏం పని?" అని ఇంటికొచ్చాక మొగుణ్ణి నిలదీసేది, ఒట్టు పెట్టింది అతనే అయినట్టు.

ఈ గుణం ఆమెకు సినిమాల దగ్గర అబ్బింది. పెళ్ళికి ముందు ఊరి క్లబ్బులో నేల ఊడ్చే పని చేసేది. కొచ్కోర్ నుంచి లారీలో రీళ్ళు వచ్చేవి. ఒక వారం యుద్ధంలో గుండు తగిలి తల్లిని తలుచుకుంటూ చచ్చిపోయిన సైనికుడు, మరుసటి వారం ఇంకో సినిమాలో మీసం పెట్టుకుని పెళ్ళికొడుకై గుర్రమెక్కి వచ్చేవాడు. ఊరంతా మొదటివారం ఏడ్చి రెండోవారం నవ్వేది. చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ బుర్మాకాన్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఇంతమందిని ఇంత పచ్చిగా మోసం చేస్తుంటే ఒక్కరూ అడగరేమని ఆమె బాధ.

జుమాదిల్‌ని మొదట చూసింది అక్కడే. అందరూ లేచి వెళ్ళిపోయినా ఒక కుర్రాడు బల్ల మీదే కూర్చుని టోపీతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె చీపురుతో అతని బూట్లు పొడిచి, ఇక లెమ్మంది, వాడు చావలేదు, వచ్చేవారం మళ్ళీ వస్తాడంది. అతను ముక్కు ఎగబీల్చి, "వస్తే రానీ. వాళ్ళమ్మకి ఆ సంగతి తెలీదు గదా," అన్నాడు. ఇంత అమాయకుడు లోకంలో ఎలా బతుకుతాడో చూడాలనిపించి పెళ్ళి చేసుకున్నానని ఆమె తరవాత చెప్పుకునేది. చూస్తూ చూస్తూ మనవలు పుట్టారు.

కోడలిగా గడప తొక్కిన రోజు నుంచి అతని పేరు ఆమె నోట రాలేదు. మొగుడి పేరు, మామ పేరు, బావల పేర్లు పలికే కోడలు ఆ లోయలో లేదు. జుమాదిల్ పేరులో జుమా ఉంది, జుమా అంటే శుక్రవారం గనక ఆమె శుక్రవారాన్ని కూడా శుక్రవారం అనేది కాదు, 'గురువారం తరవాతది' అనేది. ఆయన్ని పిలవాలంటే "ఏవయ్యా" అనేది, నలుగురిలో అయితే "మా ఇంటాయన" అనేది. పరాకున కూడా తప్పింది లేదు.

అంత అనుమానపు మనిషికి దేవుడు ఒక విద్య ఇచ్చాడు. శోకం పెట్టడంలో ఆ లోయలో ఆమెకు సాటి లేదు. ఎవరైనా పోతే ఇంటిముందు ఉన్ని గుడారం లేస్తుంది. శవం తెర వెనకాల ఉంటుంది. ఆడవాళ్ళు తలుపుకు వీపు పెట్టి, గుడారం గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు ఆనించుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి పుట్టుక, పెళ్ళి, గుర్రం, మంచీ చెడూ అన్నీ ఆ పాటలో రావాలి. బుర్మాకాన్ గొంతెత్తితే, పోయినవాడితో పొలం గట్టు దగ్గర కొట్టుకున్నవాళ్ళు కూడా వెక్కివెక్కి ఏడ్చేవాళ్ళు. తను అబద్ధం ఆడని చోటు అదొక్కటేనని ఆమెకు గర్వం.

అదీ పోయింది. పట్నంలో చదువుకొచ్చిన కొత్త ఇమాము, చచ్చినవాడి కోసం గొంతెత్తి ఏడిస్తే వాడికే బాధ అన్నాడు. ఊళ్ళో మగవాళ్ళు తలూపారు. సొంత తోడికోడలు పోయినప్పుడు బుర్మాకాన్ నోరు తెరిచేసరికి వెనక నుంచి ఎవరో ఉష్ అన్నారు. ఆమె దిగమింగుకుంది. అప్పటినుంచి ఎవరి చావుకు వెళ్ళినా బోర్సోక్ పిండిముక్కలు వేయించి, టీ పోసి వచ్చేసేది. ఇమాముకి రాగం పలకదనీ, అందుకే ఎవరి రాగమూ వినలేడనీ ఆమె అనుమానం. పైకి అనలేదు. కానీ వాడకుండా ఉన్న గొంతు ఆమెను లోపలి నుంచి పొడుస్తూనే ఉండేది.

ఆ ఎండాకాలం జుమాదిల్ గొర్రెల్ని తోలుకుని సోంకుల్ పచ్చికకు వెళ్ళాడు. వెళ్ళొద్దని కొచ్కోర్ డాక్టరు చెప్పాడు. గుండె బాగాలేదు, అంత ఎత్తున గాలి పలచగా ఉంటుందన్నాడు. బుర్మాకాన్ జీను దాచేసింది. అతను పక్కింట్లో జీను అడిగి తెచ్చుకుని, ఆమె పెట్టిన రొట్టె కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అక్కడ ఫోను పలకదు. గేటు ముందు ఏ గుర్రం ఆగినా ఆమె చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది.

అలాంటి రోజుల్లో తిలెక్ వచ్చాడు. ఆమె పినతల్లి మనవడు, పట్నంలో సినిమాలు తీస్తాడు. చక్కెర పొట్లం, ఒక శాలువా తెచ్చి, పద్ధతిగా తలుపు పక్కన కూర్చున్నాడు. అంత పద్ధతిగా కూర్చోవడం చూసే బుర్మాకాన్‌కి మొదటి అనుమానం వచ్చింది. భయపెట్టే సినిమా తీస్తున్నానన్నాడు. పోయినసారి ఎర్రజుట్టు దెయ్యాన్నీ, దాని పళ్ళనీ చూపిస్తే జనం పొట్ట పట్టుకుని నవ్వారట. ఈసారి దెయ్యమే లేదట. ఒక ఇంట్లో చావు జరుగుతుంటుంది, ఎవరు పోయారో ఎవరూ చెప్పరు. ఇంటాయన అందరినీ అడుగుతూ తిరుగుతుంటాడు. ఎవరూ ఆయన మొహం చూడరు. అంతే కథ.

"మా ఇల్లే ఎందుకురా? ఊళ్ళో ఇళ్ళు లేవా?" అంది బుర్మాకాన్.

"మీ ఇల్లు మరీ మామూలుగా ఉంది పెద్దమ్మా. చూసినవాళ్ళందరికీ తమ ఇల్లే అనిపిస్తుంది. భయం అక్కడే పుడుతుంది."

మామూలుగా ఉందన్నందుకు ఆమె వాడికి మలిగ్లాసు టీ పొయ్యలేదు. అయినా వాడు లేవలేదు. శోకం మీరే పెట్టాలి, గొంతు ఎంత ఎత్తినా ఎవరూ అడ్డు చెప్పరు అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె పడిపోయింది. పడిపోయినట్టు కనపడకుండా షరతులు పెట్టింది. నల్లబట్టలు కట్టదు. తెర వెనక మనిషిని పడుకోబెట్టకూడదు, చుట్టిన పరుపు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, శోకంలో పేరు ఉండదు. బతికున్నవాడి పేరు పెట్టి ఏడిస్తే చావుకి ఇల్లు చూపించినట్టేనని ఆమెకు గట్టి నమ్మకం. దేన్నీ నమ్మని మనిషి దీన్ని మాత్రం నమ్మింది. మొగుడు గుండెజబ్బుతో కొండమీద ఉన్నప్పుడు ఇంటిముందు ఉత్తుత్తి చావు గుడారం వేయించడమే తప్పని రాత్రంతా దొర్లుతూ అనుకుంది. తెల్లారేసరికి గొంతే గెలిచింది.

షూటింగు మొదటిరోజు రొట్టెతోనే సరిపోయింది. రొట్టె బోర్లా ఉంటే ఇంటికి కీడని అక్కడ అందరి నమ్మకం. తిలెక్ ఒక రొట్టెను బోర్లించి పెట్టి, కెమెరా దానిమీద నిలపమన్నాడు. పనులు చేస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ అటుగా పోతూ దాన్ని తిప్పి పెట్టేసింది. ఆపి, మళ్ళీ బోర్లించాడు. ఈసారి ఇంకొకావిడ తిప్పింది. తిప్పొద్దని అందరికీ చెప్పి తీస్తే, బుర్మాకాన్ చెయ్యే దానంతట అది వెళ్ళి తిప్పింది. తిలెక్ తల పట్టుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వారు గానీ, చివరికి ఎవరూ తాకకుండా ఆ రొట్టె అలా బోర్లా పడి ఉన్నంతసేపూ ఇంట్లో ఒక్కరికీ మాట రాలేదు. పళ్ళ దెయ్యాన్ని చూసి నవ్వినవాళ్ళే అందరూ. రొట్టెని అలా చూడలేకపోయారు. కట్ అనగానే నలుగురూ ఒకేసారి చెయ్యి చాచారు.

మర్నాడు శోకం. ఇంటిముందు గుడారం లేచింది. పక్కన పెద్ద మూకుడు కింద పొగ పెట్టారు. ఊళ్ళో మగవాళ్ళు నడుం కట్టుకుని, కర్రల మీద వంగి గుడారం బయట నిలబడ్డారు. వాళ్ళకు రోజుకూలీ సినిమాది. లోపల బుర్మాకాన్, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చున్నారు. తెర వెనక పరుపు చుట్ట ఉంది. ఆమె అది పరుపేనని వేలితో పొడిచి చూసి మరీ కూర్చుంది.

నడుం మీద చేతులు ఆనగానే గొంతు దానంతట అదే లేచింది. ఎన్నాళ్ళుగా ఆగి ఉందో, ఒక్కసారిగా వచ్చింది. పేరు లేని మనిషి కోసం ఏడ్చింది. నువ్వు కట్టిన గుర్రం ఇంకా మేస్తోంది అంది, నువ్వు తాగని టీ ఇంకా వేడిగా ఉంది అంది. పక్క ఆడవాళ్ళు అందుకున్నారు. తప్పు చేస్తున్నానన్న బెదురు పోయి, ఆమెకు హాయిగా కూడా అనిపించింది. ఆ సంగతి ఆమె తరవాత తనను తాను తిట్టుకోవడానికి చాలాసార్లు గుర్తు చేసుకుంది.

అప్పుడు వీధి చివర గుర్రం డెక్కలు వినపడ్డాయి. పరుగు మీద వస్తోంది. దానితోబాటే మగవాడి ఏడుపు.

"నా అన్నోయ్! జుమాదిలన్నోయ్! నన్నొదిలి పోయావా అన్నా!"

ఆమె పాట తెగలేదు. ఆమెకు మొదట వచ్చింది కోపం. పేరు వద్దంటే తిలెక్ గాడు ఎవడిచేతో బయట పేరు పెట్టి అరిపిస్తున్నాడు, తన మొహం బెదిరితే తియ్యాలని వాడి ఎత్తు అనుకుంది. లేచి వాడి కెమెరా పగలగొడదామనుకుంది. అంతలో ఆ గొంతు ఎవరిదో తెలిసింది. అది కుబాత్‌ది. జుమాదిల్ గుడారం పక్కనే గుడారం వేసుకుని, పచ్చిక మీద అతనితోబాటే గొర్రెలు మేపే కుబాత్. వాడికి నటన రాదు. గొర్రె అమ్మేటప్పుడు చిన్న అబద్ధం ఆడాల్సొస్తే చెవులు ఎర్రబడిపోయే మనిషి. వాడు కొండ దిగి ఏడుస్తూ వచ్చాడంటే కబురు తెచ్చాడన్నమాటే.

శోకంలో ఉన్న ఆడది వెనక్కి తిరగదు. ఏం జరిగిందని అడగదు. వచ్చినవాడూ అడగడు, దూరం నుంచి ఏడుస్తూ వచ్చి గుడారం ముందు వాలిపోవడమే. అడిగే ఆచారమే ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది. బుర్మాకాన్ గోడవైపే చూస్తూ, ఉన్ని మీద అల్లిన ఎర్ర కొమ్ముల ముగ్గు మీద చూపు నిలిపి, నోరు తెరిచింది. పెళ్ళయిన దగ్గరి నుంచి లోపలే దాచుకున్న పేరు బయటికి వచ్చింది.

జుమాదిల్ అంది. మళ్ళీ అంది. జీను దాచాను జుమాదిల్, కాళ్ళు పట్టుకుని ఆపాల్సింది అంది. రొట్టె ముట్టకుండా పోయావు, ఆ రొట్టె నేనూ ముట్టలేదు అంది. సినిమాలో తల్లి కోసం ఏడ్చినవాడివి, నీ కోసం ఏడుస్తుంటే నన్ను ఎలా వినవు జుమాదిల్ అంది. పక్కనున్న ఆడవాళ్ళ గొంతులు మారిపోయాయి. బయట కూలికి కర్రలు పట్టుకున్న మగవాళ్ళు కుబాత్‌ని చూసి, నిజమేననుకుని నిజంగానే బావురుమన్నారు. ఆ మొత్తం మందిలో ఏమీ తెలియనివాడు తిలెక్ ఒక్కడే. ఊరివాళ్ళు ఇంత బాగా నటిస్తారనుకోలేదని మురిసిపోతూ కెమెరా తిప్పుతూనే ఉన్నాడు.

ఏడ్చినవాడికి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తారు. పక్కింటి ముసలాయన చెంబు వంచుతూ కుబాత్‌ని మెల్లిగా, "ఎప్పుడు జరిగిందిరా?" అని అడిగాడు.

"నన్నడుగుతావేంటి తాతా? నేనే నిన్నడుగుదామనుకుంటున్నా. ఎప్పుడు?"

చెంబు నీళ్ళు మొత్తం బూట్ల మీద పోయాయి.

కుబాత్ పిండి, ఉప్పు కొనడానికి కొండ దిగాడు. దారిలో మామ ఇంట్లో ఒక రాత్రి ఆగాడు. ఊళ్ళోకి రాగానే జుమాదిల్ ఇంటిముందు గుడారం, మూకుడు, కర్రల మీద వంగిన మగవాళ్ళు కనపడ్డారు. లోపల వదిన శోకం వినపడింది. తను ఆగిన రాత్రి అన్న గుండె ఆగిపోయి, శవం లారీలో తనకంటే ముందే చేరిందనుకున్నాడు. అతను ఆమె ఏడుపును నమ్మాడు, ఆమె అతని ఏడుపును నమ్మింది.

అతను గుడారంలోకి వంగి వచ్చి, "వదినా, ఊరుకో. అన్న బాగున్నాడు. నిన్న పొద్దున నాతో గుర్రంపాల కుమిస్ తాగాడు," అన్నాడు. బుర్మాకాన్ తిరగలేదు. "నా పిల్లల మీద ఒట్టు వదినా," అన్నాడు. ఆ ఒట్టుతో ఆమెకు మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయింది.

కుబాత్‌ని పిండి కొననివ్వకుండా అప్పటికప్పుడే వెనక్కి తోలింది. ఆయన చేతి ఆనవాలు ఏదైనా తెమ్మంది, ఎందుకో మాత్రం ఆయనకు చెప్పొద్దంది. పాపం అతను వెళ్ళి వచ్చి ఒక సంచి కురుత్ ఇచ్చాడు. పెరుగు పిండి, పిడికిట్లో ఉండలు చేసి ఆరబెట్టినవి. జుమాదిల్ కుడిచేతి రెండు వేళ్ళు మడత పడవు. అతను పిండిన ఉండ ఒకవైపు ఉబ్బి ఉంటుంది. ఉబ్బి ఉన్నాయి. అయినా ఎప్పుడు పిండినవో ఎవరికి తెలుసని ఒకటి కొరికింది. లోపల ఇంకా తడిగా ఉంది. అప్పుడు కూర్చుని, ఎవరూ చూడకుండా కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

మనిషి బతికే ఉన్నాడు. కానీ శోకంలో పేరు వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి పిలవడం ఎలాగో ఆమెకు తెలీదు. తిలెక్‌ని పట్టుకుని ఆ తీసింది చెరిపెయ్యమంది. వాడు మరబొమ్మలా తలూపి, కెమెరా మీద ఏదో నొక్కి, "ఇదిగో చూడు పెద్దమ్మా, పోయింది," అన్నాడు. ఎక్కడికి పోయిందని ఆమె అడిగింది. వాడు నవ్వి, ఒట్టు, పోయింది అన్నాడు. పోలేదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

ఆకులు రాలే వేళకు జుమాదిల్ మందతో దిగి వచ్చాడు. బక్కచిక్కాడు, మెట్టు ఎక్కితే ఆగుతున్నాడు. జరిగింది అతనికి చెప్పొద్దని ఆమె ఊళ్ళో అందరి దగ్గరా మాట తీసుకుంది. తన శోకం తనే విన్నవాడు నిలవడని ఆమె భయం. ఊరు మాట నిలబెట్టుకుంది గానీ మొహాలు నిలబెట్టుకోలేకపోయింది. అతను వీధిలో వస్తుంటే మాటలు ఆగేవి. కుబాత్ అతని కళ్ళలోకి చూసేవాడు కాదు. ఆ రోజు కూలికి ఏడ్చినవాళ్ళు మరీ గట్టిగా చెయ్యి పట్టుకుని బాగున్నావా అన్నా అని అడిగేవాళ్ళు, చెయ్యి వెంటనే వదిలేవాళ్ళు కాదు.

ఇంట్లో ఇంకా ఘోరం. బుర్మాకాన్ అతన్ని కట్టెపుల్ల ఎత్తనిచ్చేది కాదు. మాంసంలో మంచిముక్క అతని ముందే పెట్టేది. సణుగుడు మానేసింది. అతను దగ్గితే చేతిలో పని వదిలి మొహంలోకి చూసేది. జుమాదిల్ లాంటి అమాయకుడికి కూడా జీవితంలో మొదటిసారి అనుమానం పుట్టింది. ఈ ఆడది ఇన్నాళ్ళ కాపురంలో నన్ను తిట్టని పొద్దు లేదు, ఇప్పుడు ఇంత మంచిగా ఉందంటే డాక్టరు ఏదో చెప్పే ఉంటాడు, అందరికీ తెలిసింది నాకొక్కడికే తెలీదు అనుకున్నాడు. అడగడానికి ధైర్యం చాలలేదు.

అతను తన మంచి కొరడా తీసుకెళ్ళి కుబాత్‌కి ఇచ్చేశాడు. జీను పెద్దకొడుకు ఇంటికి పంపాడు. ఎప్పుడో మాటలు మానుకున్న పక్క వీధి బంధువు ఇంటికి వెళ్ళి, తప్పులేమైనా ఉంటే మన్నించమని వచ్చాడు. అన్నం సరిగ్గా తినడం మానేశాడు. బుర్మాకాన్ ఇవన్నీ చూస్తూనే ఉంది. శోకం పని చేస్తోంది, మనిషి మూటలు సర్దుకుంటున్నాడు అనుకుంది. భయంతో ఇంకా మంచిగా చూసుకుంది. ఆ మంచితనానికి అతను ఇంకా చిక్కిపోయాడు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఒకరికొకరు టీ పోసుకుంటూ, ఒకరి మొహంలో ఒకరు చావును వెతుక్కున్నారు. తిలెక్ సినిమాలోలాగే దెయ్యమూ పళ్ళూ లేకుండానే భయం పుట్టిన ఇల్లు అది.

మంచు బాగా పడ్డాక తిలెక్ సినిమా తీసుకుని వచ్చాడు, క్లబ్బులో ఊరికి చూపిస్తానని. వెళ్ళొద్దని ఆమె ఎన్ని వంకలు చెప్పినా, చూడాల్సినవి ఇప్పుడే చూడాలి అన్నాడు జుమాదిల్. ఆ మాటకు ఆమె వంకలు కట్టిపెట్టింది. సరే పద అంది. ఆ క్లబ్బులో ఏ మూల ఏముందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మిషనుకి కరెంటు వచ్చే ప్లగ్గు గోడకి ఎక్కడుందో చూసుకుని దాని పక్కనే మొగుణ్ణి కూర్చోబెట్టి తను కూర్చుంది. ఆ ఘట్టం వస్తే తీగ పీకెయ్యాలని నిశ్చయించుకుంది.

మొదట్లో జనం తమ మొహాలు తెరమీద చూసుకుని కిలకిలలాడారు. బోర్లించిన రొట్టె వచ్చేసరికి ఒకావిడ అప్రయత్నంగా చెయ్యి చాచింది. ఆ తరవాత గుడారం వచ్చింది. గోడవైపు తిరిగిన ఆడవాళ్ళ వీపులు వచ్చాయి. దూరంగా డెక్కలు వినపడ్డాయి. బుర్మాకాన్ చెయ్యి ప్లగ్గు మీదకు వెళ్ళింది.

తెరమీద ఆమె వీపు ఒక్కటే కనపడుతోంది. మొహం లేదు. జుమాదిలన్నోయ్ అన్న కేకకు ఆ వీపు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. పాటలో శ్వాస తీసుకునే చోట శ్వాస లేదు. ఆ తరవాత ఆ పేరు ఆమె గొంతులో వచ్చింది. ఆ రోజు కూలికి ఏడ్చినవాళ్ళు, అది ఉత్తిదేనని తెలిసినవాళ్ళు, ఆ మనిషి తమ మధ్యే కూర్చున్నాడని చూస్తున్నవాళ్ళు కూడా పక్కవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు. అది నటన కాదని ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆమె తీగ పీకబోయి మొగుడి వంక చూసింది. అతను ముందుకు వంగి, కుర్రతనంలో కూర్చున్నట్టే కూర్చుని, టోపీ గుప్పెట్లో నలుపుతున్నాడు. ఆమె చెయ్యి ప్లగ్గు మీదే ఆగిపోయింది. పీకలేకపోయింది.

జుమాదిల్ మెల్లిగా ఆమె వైపు తిరిగాడు. "ఇదా? మీరందరూ నా దగ్గర దాచింది ఇదేనా?" అన్నాడు. కుబాత్ వెనక బల్ల మీద నుంచి తల వంచుకుని, అవునన్నా, ఇంతే అన్నాడు. జుమాదిల్ నవ్వడం మొదలెట్టాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు ఏడుపులోకి వెళ్ళి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఆ ముక్క ఇంకోసారి వెయ్యమని తిలెక్‌ని అడిగాడు. వాడు బుర్మాకాన్ వైపు భయంగా చూసి వేశాడు.

ఇంటికొచ్చాక అతను రొట్టె తుంచుకుని, చాలారోజుల తరవాత ఆకలిగా తిన్నాడు. డాక్టరు నాకు రోజులు దగ్గర పడ్డాయన్నాడేమో, నువ్వు లోపల దాచుకుని కుమిలిపోతున్నావేమో అనుకున్నానన్నాడు. డాక్టరు తనతో కొత్తగా ఏమీ అనలేదని, గుండె ఎలా ఉందో అలాగే ఉందని, బరువులెత్తకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలన్నాడని ఆమె చెప్పింది. కొరడా అనవసరంగా ఇచ్చేశానని అతను నొచ్చుకున్నాడు.

రొట్టె ముక్క టీలో ముంచుతూ, "ఆ ఏడుపు ఉత్తిదేగా?" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

"సినిమా గదా. సినిమాలో ఏది నిజం? ఎన్నిసార్లు చెప్పాను నీకు," అంది బుర్మాకాన్.

"సరేలే. కానీ ఏడ్చేటప్పుడు ఆవిడకి ఆ సంగతి తెలీదు గదా."

ఆమె లేచి పొయ్యిలో పిడక సర్దే వంకతో అటు తిరిగింది. కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది.

ఆమె భయం మాత్రం పోలేదు. ఆ పేరును తను ఒకేఒక్క రోజు పలికింది, అదీ చావు గుడారంలో. అది అలాగే ఉండిపోతే, ఆ పేరు తన నోట చావుకే సొంతమవుతుంది. తెల్లారి టీ కాస్తూ అదే ఆలోచించింది. శోకాన్ని చెరపడం తిలెక్ వల్ల కాలేదు, ఎవరి వల్లా కాదు. దాన్ని మామూలు చెయ్యడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది. అరగదీసి, పాతబట్టలా నలిపి, ఎందుకూ పనికిరాకుండా చెయ్యాలి. చావు వచ్చి ఆ పేరు వింటే, ఇదెవరినో టీకి పిలుస్తున్నట్టుందే అనుకుని వెళ్ళిపోవాలి.

కోడలు పక్కనే పిండి పిసుకుతోంది. మనవలు బల్ల చుట్టూ ఉన్నారు. జుమాదిల్ వాకిట్లో మంచు ఊడుస్తున్నాడు. బుర్మాకాన్ తలుపు బార్లా తెరిచి, వీధి చివర కుబాత్ ఇంటిదాకా వినపడేలా గొంతెత్తింది.

"జుమాదిల్! చీపురు అక్కడ పెట్టు. ఊడవొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? టీ చల్లారిపోతోంది!"

కోడలి చేతిలో పిండి ముద్ద బల్ల మీద పడింది. వాకిట్లో ముసలాయన చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె ఊపిరి పీల్చుకుని, జుమాదిల్ అని ఇంకోసారి పిలిచి, శుక్రవారం గనక మసీదుకు త్వరగా తయారవ్వమని చెప్పి, లోపలికెళ్ళి టీ పోసింది.